సుద్దగీత మీద అగ్గిపెట్టె రైలు

నా చిన్నప్పుడు సెలవులొస్తే నన్ను మధిర నుంచి మా తాతయ్య దగ్గరికి పంపేవారు. అమ్మ వాళ్ల నాన్న ఆయన. కారేపల్లి దాటాక అడవిలో ఉన్న ఒక చిన్న స్టేషనుకు మాస్టరు. ఆ స్టేషనులో ఎక్కేదిగే మనుషులకన్నా బండి కోసం పడి ఉన్న తునికాకు కట్టలు, వెదురు బొంగులే ఎక్కువ. ప్లాట్‌ఫారం అంటే మట్టిగట్టు. దానికి అవతల టేకు చెట్లు, మద్ది చెట్లు, వాటి వెనక ఇంకా చెట్లు. పట్టాల జత ఒక్కటే. స్టేషను దగ్గర మాత్రం అది రెండుగా చీలి, ఎదురుబండ్లు ఒకదాన్నొకటి తప్పుకునేందుకు చోటిచ్చి, మళ్ళీ ఒకటై అడవిలోకి దూరిపోయేది.

ఒకే దారిలో రెండు వైపుల నుంచీ బండ్లు నడవాలంటే ఒక కట్టుబాటు కావాలి. అది తాతయ్య గదిలో గోడవారగా నిలబెట్టిన రెండు ఇనుప పెట్టెల్లో ఉండేది. ఒకటి కారేపల్లి వైపుది, రెండోది కొత్తగూడెం వైపుది. పెట్టె కడుపులో నిమ్మకాయంత ఇనుప గోళీలుండేవి. అవతలి స్టేషను మాస్టరు తీగ మీద గంట కొట్టి ఒప్పుకుంటే తప్ప ఇవతల గోళీ బయటికి రాదు. ఇక్కడ గోళీ బయటికి వచ్చిందా, అక్కడి పెట్టె బిగుసుకుపోతుంది. ఆ గోళీని తోలుసంచిలో వేసి, బెత్తపు వలయానికి తగిలించి డ్రైవరు చేతికిస్తేనే బండి కదలాలి. గోళీ చేతిలో ఉంటే వచ్చే స్టేషను దాకా దారంతా నీదే, ఎవరూ ఎదురు రారు. బండి చేరిన చోట దాన్ని అక్కడి పెట్టెలో వేస్తేనే దారి మళ్ళీ ఇంకో బండికి తెరుచుకునేది. రైలువాళ్ళు దాన్ని టోకెను అనేవారు. మా ఇంట్లో మాత్రం గోళీ అనే అలవాటు.

నాకు ఇదంతా తాతయ్య ఆటగా నేర్పాడు. ఆఫీసు గది గచ్చు మీద సుద్దముక్కతో పొడుగాటి గీత గీసి, ఇదిగో మన స్టేషను, ఇది వాగు మీద వంతెన, ఇది మద్దిచెట్ల మలుపు, ఇది కొండను తొలిచిన కోత, అవతల వచ్చే స్టేషను అని గుర్తులు పెట్టేవాడు. అగ్గిపెట్టెలు దారంతో కడితే బండి. నేను ఆ చివర, ఆయన ఈ చివర. డ్రైవర్ సాబ్ షెడ్డు నుంచి తెచ్చిచ్చిన ఒక చిన్న ఉక్కు గోళీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే బండి తోయాలి. నేను తొందరపడి గోళీ లేకుండా తోస్తే ఆయన కోప్పడేవాడు కాదు. తన బండిని కూడా తోసి, రెండింటినీ మలుపులో ఢీకొట్టించి, చెల్లాచెదురైన పుల్లలను నా చేతే ఏరించేవాడు.

డ్రైవర్ సాబ్ గురించి ఒక మాట చెప్పాలి. మధ్యాహ్నం బండికి ఆయనే డ్రైవరు. మెహెందీ పెట్టిన గడ్డం, మెడలో బొగ్గు మసి పట్టిన రుమాలు. ఆ బండికి ముందు రెండు మూడు మనుషుల పెట్టెలు, వెనక సామాను వ్యాగన్లు ఉండేవి. ఆగిన ప్రతిసారీ నన్ను చూసి, "ఏం బేటీ, గోళీ మీ తాత ఇస్తడా, నువ్విస్తవా? మీ తాతకు ముసల్తనమొచ్చింది, జల్దీ నువ్వే మాస్టరువై పో" అని నవ్వించేవాడు.

ఆ ఏడు దసరా సెలవులకు నేను వెళ్లేసరికి మా చిన్నమ్మ కూడా అక్కడే ఉంది. తొలిచూలు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి తాతయ్య వెళ్లి తీసుకొచ్చాడు. నెలలు ఇంకా పూర్తిగా నిండలేదు. ఆ రోజు పొద్దుటి నుంచి వాన. అన్నాలు తినే వేళకు ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. పక్క తండా నుంచి వచ్చిన మంత్రసాని లోపలికి వెళ్లి, కాసేపటికే చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగిందమ్మా. నా చేతగాదు. దవాఖానాకు జల్దీ తీస్కపోండ్రి" అంది మా అమ్మమ్మతో.

ఎడ్లబండి బాట వాగు పొంగి మునిగిపోయింది. కొత్తగూడెం దవాఖానాకు చేరాలంటే మధ్యాహ్నం బండి ఒక్కటే దిక్కు. అది కూత వేసుకుంటూ వచ్చి ఆగింది. చిన్నమ్మను నులకమంచంతో సహా ఎత్తి ముందు పెట్టెలోకి చేర్చారు. ఆమె పెదవి కొరుక్కుని ఉంది, పళ్ల దగ్గర రక్తం కనిపిస్తోంది. అమ్మమ్మ, మంత్రసాని ఎక్కారు. తాతయ్య గోళీ తీయడానికి గదిలోకి పరుగున వెళ్లాడు. నేను ఆయన వెనకే ఉన్నాను.

సరిగ్గా అప్పుడే కొత్తగూడెం వైపు పెట్టె మీద గంట మోగింది. మోగడం మొదలై, మధ్యలో ఎవరో పట్టుకుని ఆపినట్టు ఆగిపోయింది. తాతయ్య తిరిగి గంట కొట్టాడు. జవాబు లేదు. పిడి తిప్పబోతే తిరగలేదు. ఫోను చెవికి పెట్టుకున్నాడు. అందులో ఊపిరి కూడా లేదు. వానకు ఎక్కడో తీగలు తెగాయి.

అవతలి మాస్టరు ఏం అడగబోయాడో తెలియదు. బండి వదలనా అని అడగబోయాడా, నీ బండి వచ్చిందా అని అడగబోయాడా? ఇప్పుడు అతనూ మాలాగే చీకట్లో ఉన్నాడు. తీగ పోయి రెండు స్టేషన్ల మధ్య మాటలు ఆగిపోతే, సంగతి కనుక్కోవడానికి అతను ఒక ఇంజను పంపొచ్చు. ఇక్కడి నుంచి మేమూ పంపొచ్చు. ఇద్దరు జాగ్రత్తపరులు ఒకరినొకరు వెతుక్కుంటూ బయల్దేరితే ఏ మలుపులోనో కలుసుకుంటారు. తాతయ్య భయం అది. ఇది నాకు ఆయన చెప్పలేదు. అగ్గిపెట్టెల ఆట ఆడిన నాకు చెప్పాల్సిన పని లేకపోయింది.

డ్రైవర్ సాబ్ ఇంజను దిగి వచ్చాడు. గడ్డంలోంచి వాననీళ్లు కారుతున్నాయి.

"మాస్టర్ సాబ్, ఏందిది? నీ బిడ్డ బండ్ల పడి ఒర్లుతుంటే నువ్వు డబ్బా తట్టుకుంట కూసున్నవ్!"

"తీగ పోయింది సాబ్."

"పోతే పోనియ్. గీ యాళ ఎదురుబండి లేదని నీకెరుక లేదా, నాకెరుక లేదా? రోజు పోయే తొవ్వ. ఊ అను, వక్క నమిలేంతల దింపుత."

"రోజూ గోళీ పట్టుకుని పోయే దారి" అన్నాడు తాతయ్య. "ఇయ్యాల గోళీ లేదు."

ఈలోగా పెట్టెల్లోని జనం దిగి గది ముందు మూగారు. ఆకు కాంట్రాక్టు చేసే ఒకాయన గొడుగు కింద నుంచే, "సొంత బిడ్డకే గిట్ల జేసెటోడు మనలనేం ఒడ్డుకేస్తడు" అన్నాడు. ఎవరో నవ్వారు. అమ్మమ్మ బండి దిగి వానలోనే వచ్చింది. ఆమె తాతయ్యను ఏనాడూ మీరు అనే తప్ప పిలిచి ఎరగదు. ఆ రోజు గుమ్మంలో నిలబడి, "ఆ ఇనప ముక్కకున్న విలువ నా బిడ్డకు లేదా నీ దగ్గర?" అంది. నువ్వు అన్న ఆ ఒక్క మాటకు మూగిన జనం గుమ్మం నుంచి వెనక్కి జరిగారు.

తాతయ్య బల్ల ముందు కూర్చున్నాడు. ఒక కాగితం రాశాడు. రాత ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది. స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌ను పిలిచి ఎర్రజెండా చేతికిచ్చాడు. తీగలు పోయినప్పుడు రైలువాళ్లకు ఉన్న దారి అదొక్కటే. మనిషి జెండా పట్టుకుని ముందు నడవాలి, వెనక బండి మనిషి నడకతో పోవాలి. మలుపు అవతల ఏదైనా ఉంటే ముందు మనిషి చూస్తాడు.

డ్రైవర్ సాబ్ కాగితం చూసి, "నడుసుకుంటనా? గిదేమన్న పెండ్లి ఊరేగింపా మాస్టర్ సాబ్? పొద్దు గూకుతది!" అన్నాడు.

"గూకనీ. వంతెన కాడ, ప్రతి మలుపు కాడ కూత వెయ్యి. పెద్ద కూత. నేను వింటుంటా."

ఆయన కాగితాన్ని చొక్కాలోకి తోసి, పట్టాల మధ్య ఉమ్మేసి వెళ్లిపోయాడు. అమ్మమ్మ మళ్ళీ బండెక్కింది. బండి కదిలే ముందు తాతయ్య కిటికీ దగ్గరికి వెళ్లాడు. చిన్నమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "నాయనా, నువ్వు రావా?" అంది. పాయింట్స్‌మన్ కూడా వెళ్లిపోతే స్టేషనులో ఇంకెవరూ లేరు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె చెయ్యి వదిలేసింది. బండే లాక్కుపోయింది అనడానికి లేదు, అది అంత మెల్లగా కదిలింది. ముందు ఎర్రజెండా, వెనక ఆవిరి కక్కుతూ, నడవడం నేర్చుకుంటున్నట్టు ఆ నల్లటి ఇంజను. మలుపులో జెండా మాయమయ్యాక కూడా చాలాసేపు పొగ కనిపించింది.

తాతయ్య గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చోలేదు. సుద్దముక్క తీసుకుని గచ్చు మీద కూలబడి గీత గీశాడు. స్టేషను, వంతెన, మద్దిచెట్ల మలుపు, కొండకోత, అవతలి స్టేషను. ఆటలో గీసినట్టే గీశాడు గానీ ఆటలో ఇంత గట్టిగా ఒత్తేవాడు కాదు. సుద్ద విరిగింది. గూట్లోంచి ఒక్క అగ్గిపెట్టె తీసి మన స్టేషను దగ్గర పెట్టాడు. "చెవి పెట్టి విను బిడ్డా" అన్నాడు.

వాన పెంకుల మీద దబదబా కొడుతోంది. ఎంతసేపటికీ ఏమీ లేదు. అప్పుడు దూరంగా కూత వినిపించింది. తాతయ్య అగ్గిపెట్టెను వంతెన మీదికి జరిపాడు. ఆ చిన్న పెట్టెలో చిన్నమ్మ పడుకుని ఉన్నట్టు నాకు అనిపించి, దాన్ని గట్టిగా జరపొద్దని చెప్పాలనిపించింది. మళ్ళీ ఎదురుచూపు. రెండో కూత ఇంకా పల్చగా వచ్చింది. అగ్గిపెట్టె మద్దిచెట్ల మలుపుకు చేరింది. కొండకోత దగ్గరి కూత వచ్చిందా లేదా అని ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వచ్చింది. చెట్టు చాటున పిట్ట అరిచినంత. తాతయ్య అగ్గిపెట్టెను కోత అంచు దాకా జరిపాడు.

ఆ తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. వెలుగు తగ్గుతూ వచ్చింది. పాయింట్స్‌మన్ లేడు కాబట్టి తాతయ్యే వెళ్లి సిగ్నల్ దీపాలు వెలిగించి, తడిసి వచ్చి మళ్ళీ గచ్చు మీదే కూర్చున్నాడు. అగ్గిపెట్టె కోత దగ్గరే ఉంది. నేను ఇక ఓర్చుకోలేకపోయాను.

"తాతయ్యా, ఈ పాటికి కోత దాటేసి ఉంటారు. జరపనా?" అన్నాను.

"కూత విన్నావా?"

"లేదు."

"మరి దాటారని ఎవరు చెప్పారు?"

నాకు ఏడుపొచ్చింది. "అక్కడే ఉంటే చిన్నమ్మ ఎట్ల మరి! ముందుకు పెట్టు తాతయ్యా, చేరిపోయిందని పెట్టు" అని నేనే అగ్గిపెట్టె మీదికి చెయ్యి చాచాను. ఆయన తన అరచెయ్యి దాని మీద కప్పాడు. గట్టిగా కాదు, చలికి వణికే పిల్లను కప్పినట్టు. "నాకూ చేరిందనే పెట్టాలనుంది బిడ్డా. కానీ మనం విన్నది ఇక్కడి దాకనే. విన్న కాడనే ఉంచుదాం" అన్నాడు. ఆ చెయ్యి ఆయన మళ్ళీ తీయలేదు.

నేను గదిలో దీపం వెలిగించిన చాలాసేపటికి గంట మోగింది. ఈసారి పూర్తిగా మోగింది. అవతలి వైపు మనుషులు తీగలు సరిచేశారు. తాతయ్య అప్పుడు చెయ్యి తీసి, లేచి ఫోను అందుకున్నాడు. ఫోనులో అవతలి మాస్టరు గొంతు నాకూ వినబడింది. బండి చేరింది. చిన్నమ్మను ప్రాణంతోనే కొత్తగూడెం పంపించారు. తాతయ్య, "ఎదురు ఏమన్నా వదిలావా?" అని అడిగాడు. ఏమీ వదల్లేదన్నాడు అతను. మధ్యలో ఆగిపోయిన ఆ గంట, బండి వచ్చిందా అని అడగబోయిన గంట మాత్రమే. దారి పొద్దంతా ఖాళీగానే ఉంది.

తాతయ్య ఫోను పెట్టేసి వచ్చి, అగ్గిపెట్టెను కోత దగ్గర నుంచి అవతలి స్టేషనుకు జరిపాడు. అది చేరిందన్న సంతోషం ఆయన మొహంలో వెతికాను. కనిపించలేదు.

చిన్నమ్మ బతికింది. బిడ్డ బతకలేదు. ముందే చేరి ఉంటే దక్కేదా అని అమ్మమ్మ అడిగితే, దవాఖానాలో డాక్టరమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదట. ఊళ్లో వాళ్లకు ఆ అనుమానం కూడా లేదు. దారి ఖాళీగా ఉండగా బండిని నడిపించిన మాస్టరు అని చెప్పుకున్నారు. అమ్మమ్మ తిరిగొచ్చి ఆయనకు వేళకు అన్నం పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. ఒక రోజు డ్రైవర్ సాబ్ కూడా గోళీ అందుకుంటూ, నవ్వకుండా అన్నాడు. "తొవ్వ ఖాళీగుండె మాస్టర్ సాబ్. నేను కొట్టుకుని పోయేటోన్ని."

"నువ్వు పోయి చూసినంక ఖాళీ సాబ్. అప్పటిదాకా కాదు" అన్నాడు తాతయ్య. ఆ మాట అన్నందుకు తనను తాను మెచ్చుకుంటున్నట్టు లేదు ఆయన గొంతు. డ్రైవర్ సాబ్ పైకెక్కి కూత వేశాడు.

బడి తెరిచినా నన్ను మధిర పంపే తీరిక ఎవరికీ లేకపోవడంతో చిన్నమ్మ తిరిగొచ్చిన రోజు కూడా నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం బండి తిరుగు ప్రయాణంలో కొత్తగూడెం వైపు నుంచి వచ్చింది. అమ్మమ్మ మొహం కడుక్కుని గుమ్మంలో నిలబడింది. తాతయ్య గదిలోంచి బయటికి రాలేదు. ముందు పెట్టెలోంచి దిగిన చిన్నమ్మ సన్నబడి, చీరలో పుల్లలా ఉంది. ఇంటి వైపు రాలేదు. మెల్లగా ఇంజను దగ్గరికి నడిచి రెండు చేతులూ పైకి చాచింది. పాయింట్స్‌మన్ కోసం వలయం పట్టుకుని వంగిన డ్రైవర్ సాబ్‌కు ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమై, దాన్ని ఆమె చేతుల్లో చాలా నెమ్మదిగా ఉంచాడు. చిన్నమ్మ ఆ బెత్తపు వలయాన్ని భుజానికి తగిలించుకుని తాతయ్య గదిలోకి వెళ్లింది.

"ఇగో నాయనా. బండొచ్చింది. లోపలేసుకో" అంది.

గోళీ పెట్టెలో పడిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. ఆ తర్వాత ఆయన ఏడ్చిన చప్పుడు. ఆ రోజు రాత్రి అమ్మమ్మ, "మజ్జిగ పోయమంటారా?" అని అడిగింది ఆయన్ని.

ఇదంతా జరిగి యాభై ఏళ్లు. నేను రైలు ఉద్యోగం చేయలేదు. ఖమ్మంలో ఒక దినపత్రిక డెస్కులో తలనెరిసింది. ఫోను మోగి, వాగులో బస్సు పడిందట, ఇంతమంది పోయారట అని చెబితే, పేజీ ఆగదు, అవతల మెషిను ఎదురుచూస్తోంది అని అందరూ తొందరపెడితే, నా కళ్ల ముందు ఆ గచ్చు కనిపించేది. మా విలేకరి వెళ్లి చూసింది ఎక్కడి దాకా? అక్కడి దాకే వేసేదాన్ని. కొన్నిసార్లు పక్క పత్రిక మాకన్నా ముందు వేసింది, అదే నిజమైంది కూడా. మా ఎడిటరు చేత మాటలు పడ్డాను. పడ్డప్పుడు తాతయ్య ఎంత ఒంటరిగా ఉండి ఉంటాడో కొద్దిగా తెలిసేది.

రిటైరయ్యాక మేడ మీది గదిలో రైలు బొమ్మల పిచ్చి పట్టుకుంది నాకు. బల్ల మీద పట్టాలు పరిచి, వాగు, వంతెన, మద్దిచెట్లు, కొండకోత చేశాను. రెండు వేల సంవత్సరం దాటాక చాలాచోట్ల స్టేషన్ల ముందు పాత బొగ్గు ఇంజన్లకు రంగులేసి దిమ్మెల మీద నిలబెడుతున్నారు. నేనూ వెళ్లి చూస్తుంటాను, సంతోషమే. కానీ ఆ ఇంజన్లను ఆపిన గోళీ పెట్టెలు ఇనుప సామాను ధరకు పోయాయి. వాటికి దిమ్మె కట్టాలని ఎవరికీ తోచినట్టు లేదు. అందుకే నా బల్ల మీద బండి గోళీ లేకుండా కదలదు. చూడటానికి వచ్చే కుర్రాళ్లు నవ్వుతారు. "మేడమ్, బల్లంతా కనపడుతూనే ఉంది కదా, ఎదురు ఏ బండీ లేదు. ఇంకా గోళీ ఎందుకు?" అంటారు. పైనుంచి చూసేవాళ్లకు దారి ఎప్పుడూ కనపడుతుంది.

మొన్న చిన్నమ్మ వచ్చింది. మెట్లెక్కలేనంటూనే ఎక్కి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బల్లంతా చూసింది. కోత దగ్గర ఆమె చూపు ఆగింది. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగనిది అప్పుడు అడిగింది. "ఆనాడు మేం పోయినంక నాయన ఏం జేసిండే?"

చెప్పాను. గచ్చు మీద గీత గురించి, కూత కూతకూ జరిపిన అగ్గిపెట్టె గురించి, కోత దగ్గర దాని మీద కప్పిన చెయ్యి గురించి. గంట మోగేదాకా ఆ చెయ్యి తీయలేదని చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసింది. వాటిని కొంగుతో తుడుచుకుంటూ అంది. "గట్లయితే ఆ పొద్దంతా నాయన నా పక్కన్నే కూసున్నడన్నట్టు."

ఆ మాట నాకు తట్టలేదు. విన్నంతవరకే నమ్మాలని ఆ రోజు నేర్చుకున్నాను, దాంతోనే బతుకు వెళ్లదీశాను. విన్న చోటును వదిలిపోకుండా, దాని మీద చెయ్యి వేసి కూర్చోవడం కూడా అందులో భాగమేనని ఆమె చెబితే గానీ తెలియలేదు. బల్ల మీద బండి ఇంకా స్టేషనులోనే ఆగి ఉంది. చిన్నమ్మ చెయ్యి చాచింది. నేను గోళీ ఆమె అరచేతిలో పెట్టాను.